ఊరట తేదీ

"ఏటి సేత్తాం బాబూ, ఓడ రేవులోనే ఉన్నాది. దించీవోళ్ళు పనిలోకి రాడం నేదు," అంది నూకరత్నం గుసగుసగా. ఆ గదిలో అందరూ గుసగుసగానే మాట్లాడతారు. స్వరజల్లెడకి అంతకంటే గొంతు అక్కర్లేదు.

జల్లెడ దాటాక అవతలి మనిషి చెవిన పడింది వేరు. "కార్మికుల మొండితనం వల్ల కలిగిన జాప్యానికి చింతిస్తున్నాం సార్. మీ కొత్త కారు వచ్చే నెల మొదటి వారంలో తప్పక చేరుతుంది." మాట తేనెలా ఉంది, యాస మచ్చుకైనా లేదు. నూకరత్నం అమ్మానాన్నలు విన్నా అది తమ కూతురి గొంతని పోల్చుకోలేరు.

గృహప్రవేశం నాటికి వాకిట్లో ఎర్రకారు ఉండాలని ఆ పెద్దమనిషి ముచ్చట. పోయిన వారం చెప్పిన తేదీ ఏమైందని కాసేపు ఎగిరిపడ్డాడు. సమ్మె చేసేవాళ్ళని నాలుగు మాటలు అని, చల్లబడి పెట్టేశాడు. గోడ మీద ఓర్పు పటంలో ఆయన చుక్క నారింజ నుంచి ఆకుపచ్చకి తిరిగింది. కళింగరేవు కొత్త బళ్ళ కోసం ఎదురుచూస్తున్న ప్రతి మనిషీ ఆ పటంలో ఒక చుక్క. సమ్మె మొదలైనప్పటి నుంచి నూకరత్నం ఉద్యోగం ఆ చుక్కల్ని పచ్చగా ఉంచడమే.

తేదీలు పాలిక వేస్తుంది, రేవుని నడిపే యంత్రం. రేవులో క్రేన్లు, తాళాలు, లెక్కలు, జీతాలు అన్నీ పాలికవే కాబట్టి తేదీలూ దానివే. వాటికీ ఓడలో ఉన్న బళ్ళకీ ఏ సంబంధమూ లేదు. ఏ మనిషి ఓపిక ఎన్నాళ్ళకి తెగుతుందో లెక్కగట్టి, దానికి కాస్త ఇవతల ఒక ఊరట తేదీ పడేస్తుంది. ఆ రోజు దగ్గరపడితే ఇంకోటి. ఇంత తెలివి బళ్ళు దించడంలో చూపిస్తే ఈపాటికి ఓడ ఖాళీ అయ్యేదే.

తర్వాతి పిలుపు కొండల మీంచి వచ్చింది. సవర ఇందుమతి, గుమ్మడిగూడ అంగన్‌వాడీ టీచరు. ఆమె కూతురు సుగుణకి మూత్రపిండాలు చెడిపోయాయి. రోజు విడిచి రోజు దిగువ టౌను ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించాలి. సోమవారం నుంచి ఎర్ర వారం. ఎర్ర వారంలో బస్సులు తిరగవు, అంబులెన్సులు కొండ ఎక్కవు, ఎండలో బయట తిరిగిన మనిషి ఇంటికొస్తాడన్న నమ్మకం లేదు. అందుకే ఊరంతా చందాలు వేసుకుని, ఎంత ఎండలోనైనా లోపల చల్లగా ఉండే చల్లబండి ఒకటి ఇందుమతి పేరు మీద పై దేశం నుంచి తెప్పించుకుంది. ఆ బండి ఇప్పుడు ఓడ కడుపులో ఉంది.

"మేడమ్, ఒక్క మాట నిజం సెప్పండి," అంది ఇందుమతి. "బండి వొస్తాదంటే ఇక్కడే ఉంటాం. రాదంటే ఇయాలే పిల్లని తీసుకుని దిగిపోతాను. టౌన్లో మాకెవరూ నేరు. ఎర్ర వారంలో ఆసుపత్రి వరండాలో పడుకోనివ్వరు. అయినా ఏదో సూసుకుంటాను. ఇప్పుడైతే బస్సులున్నాయి. మీరు సెప్పేదాన్ని బట్టే ఉంది."

తెర మీద తేదీ వచ్చింది. ఆదివారం. కింద చిన్న అక్షరాల్లో పాలిక కారణం కూడా రాసింది: తేదీ ఎర్ర వారం దాటితే ఈమె బండి రద్దు చేసుకునే అవకాశం ఎక్కువ.

నూకరత్నం ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. పిలుపు మధ్య మౌనం ఎక్కువైతే పాలిక జీతంలో కోస్తుంది. ఆమెకి ఆ క్షణంలో గుర్తొచ్చింది అదే, అందుకు తర్వాత ఆమె తన మీద తాను ఉమ్మేసుకోవాలనుకుంది. "ఆదివారం వొచ్చీస్తాదమ్మా," అనేసింది. జల్లెడ దానికి ఇంకాస్త నమ్మకం అద్ది పంపింది.

"బతికించావు తల్లీ," అంది ఇందుమతి. పటంలో కొండల మధ్య ఒక చుక్క పచ్చగా వెలిగింది.

మధ్యాహ్నం నూకరత్నం క్యారేజీ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. అక్కడ పందిరి కింద ఓడలోంచి బళ్ళు నడిపి దించేవాళ్ళు కూర్చుని ఉన్నారు. దేశం మొత్తమ్మీద మనిషి చేత్తో బండి నడపనిచ్చేది ఓడ తలుపు నుంచి గేటు దాకా ఉన్న ఒడ్డుదారిలోనే. గేటు దాటాక ప్రతి బండీ తనంతట తానే పోతుంది. ఇన్నేళ్ళుగా వీళ్ళ చేతులకి తొడిగిన తొడుగులు ప్రతి మలుపునీ, ప్రతి ఒడుపునీ పాలికకి నేర్పుతూ వచ్చాయి. పాలిక చదువు పూర్తి కావచ్చిందని తెలిసిన రోజున వీళ్ళు తొడుగులు విప్పి గేటు కమ్మీలకి తగిలించేశారు. నేర్పిన పాపానికి ఇంటికి పొమ్మంటే ఎవరికి మాత్రం కడుపు మండదు!

నూకరత్నాన్ని చూసి నలుగురు మొహం పక్కకి తిప్పుకున్నారు. అన్న తాతారావు మాత్రం పక్కకి జరిగి చోటిచ్చాడు. సమ్మె నాయకుడు అతనే.

"ఏటమ్మీ, మొకం అలగ పీక్కుపోయింది? తిను ముందు."

ఆమె ముద్ద కలిపి వదిలేసింది. "అన్నా, అడుగుబళ్ళు ఎన్ని దించినారు ఈ సమ్మెలో?"

అడుగుబండి అన్నది వాళ్ళ తాతల నాటి కట్టుబాటు. సమ్మె ఎంత ముదిరినా, రోగం కోసమో రొష్టు కోసమో తన సరుకు కావాలని మనిషి గేటు దగ్గరికి వచ్చి నోరు తెరిచి అడిగితే, కూలి తీసుకోకుండా దించి ఇవ్వాల్సిందే. కాదన్నవాడిని రేవులో ఎవరూ పలకరించరు.

"ఒక్కటీ నేదు," అన్నాడు తాతారావు. "ఒక్క మనిషి రానేదు. కొత్త కార్లు కొనీవోళ్ళు గదా, కలిగినోళ్ళు. ఆళ్ళకేటి ఇబ్బంది ఉంటాది అనుకున్నాం."

నూకరత్నం క్యారేజీ పక్కకి నెట్టింది. "ఉన్నారన్నా. కొండల్లో ఒక పిల్ల ఉంది." ఇందుమతి సంగతి మొత్తం చెప్పింది, తాను చెప్పిన ఆదివారంతో సహా.

తాతారావు చెల్లెల్ని తిట్టలేదు, అది ఆమెకి తిట్టు కంటే ఎక్కువైంది. "రమ్మను," అన్నాడు చివరికి.

"రావడం ఎందుకు? బండి ఎక్కడుందో పాలిక సెప్తాది. నువ్వు దించి పంపీలేవా?"

"ఓనరు యేలిముద్ర ఏస్తే గాని ఆ గేటు తెరుసుకోదు. ఓనరు ఎదురుగా ఉంటే పాలిక కూడా ఆపలేదు, సట్టం అలగుంది." తాతారావు తల అడ్డంగా తిప్పాడు. "ఆ సట్టం నేకపోయినా మేం ఎల్లి పిలవం. మనం పిలిసి ఇస్తే ముష్టి ఏసినట్టుంటాది. ఆళ్ళొచ్చి అడిగితే మడిసికి మడిసి సేసినట్టుంటాది. మన అయ్య అలగే సేసినాడు, నానూ అంతే."

నూకరత్నానికి ఒళ్ళు మండింది. "పౌరుషాలకి పోయి ఇక్కడ కూకోండి. అక్కడ ఆళ్ళకి అడగొచ్చని తెలీదు. తెలీనివ్వకుండా కాపలా కాసేది నానే." క్యారేజీ మూత పెట్టేసి లేచింది.

తిరిగి కూర్చోగానే గుమ్మడిగూడకి పిలుపు కలిపింది. "అమ్మా, నానే. పిల్లని తీసుకుని కళింగరేవు గేటు కాడికి రా. అక్కడ అడిగితే దించుతారు."

"తప్పకుండా మీ విన్నపాన్ని మా కేంద్రానికి తెలియజేస్తాం," అని వినిపించింది ఇందుమతికి.

"అదే మేడమ్, ఆదివారమే కదా?"

"ఆదివారం కాదు! గేటు! గేటు కాడికి!"

"ఆదివారమే. మా కేంద్రం మీ సేవలో ఉంది."

"సంతోషం మేడమ్," అని ఇందుమతి పెట్టేసింది. ఏ మాట ఎంత గట్టిగా అన్నా జల్లెడ దాన్ని మింగేసి నవ్వుతూ ఇంకో మాట కక్కుతుంది. నూకరత్నం రెండు చేతుల్తో తల పట్టుకుంది.

పర్యవేక్షకుడు విక్రాంత్ వచ్చి పక్కన నిలబడ్డాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు, ఎవరినీ ఏకవచనంలో పిలిచి ఎరగడు.

"నూకరత్నం గారూ, గేటు అన్న మాట నిషిద్ధ పదాల్లో ఉంది. మీకు తెలుసు కదా."

"ఆ పిల్ల సచ్చిపోతాది సార్."

"ఒక్కరు గేటు దగ్గరికి వెళితే నాకేం అభ్యంతరం లేదండీ. ఒక్కరితో ఆగదు. కొన్నవాళ్ళూ సమ్మెవాళ్ళూ ఎదురుపడి మాట్లాడుకుంటే కోపం ఎటు పోతుందో పాలిక చెప్పలేదు. ఇప్పుడు అది ఎటు పోతోందో మనకి తెలుసు."

"ఇలాంటోళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారు సార్, మన పటంలో?"

విక్రాంత్ గోడ వైపు చూశాడు. "పాలికకి తెలుసు. నేనెప్పుడూ అడగలేదు," అన్నాడు. ఆ మాట అన్నందుకు అతనే సిగ్గుపడ్డాడు, చెవులు ఎర్రబడ్డాయి. ఐనా వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు.

ప్రతి బల్ల మీదా గాజుమూత కింద ఒక పచ్చ మీట ఉంటుంది. పేరు నేరుగొంతు. యంత్రం మాటని జనం నమ్మని రోజుల్లో, మనిషి గొంతుని ఉన్నదున్నట్టు వినే హక్కు ఉండాలని చట్టం చేసి పెట్టించారు. అది నొక్కితే జల్లెడ పక్కకి తప్పుకుంటుంది, ఆ పిలుపుని పాలిక తెంపడానికి లేదు. నొక్కిన మనిషి ఉద్యోగం గురించి మాత్రం చట్టంలో ఏమీ రాయలేదు. ఇంతవరకు ఆ గదిలో దాన్ని ఎవరూ నొక్కలేదు.

నూకరత్నానికి భయం వేసింది. ఈ ఉద్యోగం పోతే రేవులో ఇంకో ఉద్యోగం లేదు. అన్న సమ్మెలో ఉన్నాడు, ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఈ జీతంతోనే. ఇంత ఆలోచించాక, ఇంకా ఆలోచిస్తే చెయ్యలేనని తెలిసి, గుమ్మడిగూడకి మళ్ళీ పిలుపు కలిపి, గాజుమూత ఎత్తి మీట నొక్కేసింది.

"అమ్మా ఇందుమతమ్మా, ఇనబడతందా?"

జల్లెడ లేకపోవడంతో గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. గుసగుసల గదిలో ఆ గొంతు ఫెళ్ళుమంది. చుట్టుపక్కల తలలన్నీ లేచాయి.

"ఎవరు నువ్వు?" అంది ఇందుమతి అనుమానంగా.

"పొద్దున్న ఆదివారమని సెప్పింది నానే. ఆ గొంతు నాది కాదు. ఇది నాది. బండి ఆదివారం రాదమ్మా. నీకు అబద్ధం సెప్పినాను."

ఇందుమతి గొంతు పదునెక్కింది. "నా పిల్ల పానం మీద అబద్ధం ఆడతావా? నీ పిల్లయితే ఆడతావా? నిన్ను నమ్మి మూట కట్టిన బట్టలు మళ్ళీ ఇప్పేసినాను."

"తిట్టమ్మా. తిడతా ఉండు, కానీ మూట కట్టు. సాయంత్రం బస్సు ఎక్కి దిగు. పిల్లకి టౌన్లో శుద్ధి సేయించి, రేవు బస్సు ఎక్కి గేటు కాడికి రా. పందిరి ఉంటాది. నా బండి నాకు కావాల, నా పిల్లకి బాగోనేదు అని అడుగు. దించుతారు."

"సమ్మె సేసీవోళ్ళేనా? ఆళ్ళ వల్లే కదా ఇదంతా అని మొన్న పిలిసినప్పుడు అన్నావు?"

"నాను అననేదమ్మా. నా మాట మార్చీసి అనిపించినారు. ఆళ్ళు మీకోసమే కూకున్నారు, ఎవరూ రాడం నేదని."

ఇందుమతి పెట్టేసింది. నమ్మిందో లేదో తెలియదు. పటంలో కొండల మధ్య చుక్క పచ్చగానూ లేదు, ఎర్రగానూ లేదు. పాలిక దానికి రంగులు ఒకటొకటే వేసి చూసి, ఏదీ నిలవక ఆపేసింది. ఎదురుచూడకుండా, రద్దూ చేసుకోకుండా, లేచి బయల్దేరిన మనిషికి దాని దగ్గర రంగు లేదు.

"మీ సీటు ఖాళీ చేయండి నూకరత్నం గారూ," అన్నాడు విక్రాంత్, దాదాపు బతిమాలుతున్నట్టు. ఆమె చెప్పులు వెతుక్కుంటుండగా పక్క బల్ల ఆవిడ, ఇద్దరు పిల్లల తల్లి, ఏనాడూ ఎవరి జోలికీ పోని మనిషి, కళ్ళు మూసుకుని తన గాజుమూత ఎత్తింది. ఆ వెనక బల్ల మీద ఇంకోటి లేచింది. విక్రాంత్ ఎవరిని ఆపాలో తేల్చుకోలేక మధ్యలో నిలబడిపోయాడు.

మర్నాడు పొద్దున నూకరత్నం పందిరి బయటే నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. మొదటి రేవు బస్సు వచ్చింది, ఎవరూ దిగలేదు. రెండో బస్సులోంచి ఒక సన్నటి మనిషి దిగింది. భుజం మీద నిద్రపోతున్న పిల్ల, పిల్ల చేతికి ఆసుపత్రి కట్టు.

ఇందుమతి నేరుగా తాతారావు ముందుకి నడిచింది. అడగలేదు. పెదాలు బిగించి అలాగే నిలబడింది. ఊరంతా కలిసి కొనుక్కున్న బండి, ఎవరినో ఎందుకు అడగాలన్నది ఆమె మొహం మీద స్పష్టంగా ఉంది. తాతారావూ లేవలేదు. అడగందే లేవకూడదు, అది కట్టుబాటు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

భుజం మీద పిల్ల కదిలి కళ్ళు తెరిచింది. చుట్టూ ఉన్న కొత్త మొహాల్ని చూసింది. "అమ్మా, బండి ఈళ్ళే ఇస్తారా?" అని అడిగి, తాతారావు వైపు తిరిగి, "తాతా, మా బండి ఇస్తావా?" అంది.

తాతారావు లేచాడు. కమ్మీలకి వేలాడుతున్న తొడుగుల వైపు చూడకుండా వట్టి చేతులతో గేటు దగ్గరికి వెళ్ళాడు. ఇందుమతి వేలిముద్ర వేసింది. పాలిక చాలాసేపు తటపటాయించి తాళం వదిలింది. గేటు మీది పలకలో ఊరట తేదీలు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. కొత్తవి వేయడానికి దానికి ఏ లెక్కా అందడం లేదు.

ఇందుమతి వెనక్కి తిరిగి నూకరత్నాన్ని చూసింది. "నువ్వేనా?"

"నానే."

"ఇంకెంతమందికి సెప్పినావు, ఆదివారం వొస్తాదని?"

నూకరత్నం వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఆపేసింది. ఆమె ఏడ్చింది. ఇందుమతి ఓదార్చలేదు. పిల్లని కాసేపు పట్టుకోమని ఆమె చేతికిచ్చి తాతారావు వెనకాల లోపలికి వెళ్ళింది.

మూడో బస్సు వచ్చి ఆగింది. ముందు చక్రాల కుర్చీ ఒకటి దిగింది, తర్వాత ఆక్సిజన్ సీసా మోస్తున్న మనిషి, తర్వాత ఇంకా జనం. దిగినవాళ్ళు దిక్కులు చూస్తూ పందిరి వైపు నడవసాగారు. ఒడ్డుదారి మధ్యలోంచి తాతారావు వాళ్ళని చూశాడు. పందిరిలో కూర్చున్నవాళ్ళని కేకేశాడు.

"లెగండర్రా! అడగడానికొచ్చినారు!"