సిమ్ లేని ప్లేయర్

"ఇందులో నెట్ ఒస్తదా?"

"వస్తుందండీ. వైఫై ఉంది, బ్లూటూత్ ఉంది, వీడియోలు కూడా నేరుగా..."

"అయితే నాకొద్దు."

వినయ్ నోరు అక్కడే ఆగిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో బాబాయి కొట్లో కూర్చున్న నాటి నుంచి, ఏదో తక్కువైందని వద్దన్నవాళ్లనే చూశాడు గానీ, ఉందని వద్దన్న మనిషిని చూడడం ఇదే మొదలు. పైగా ఆ మనిషి వానలో తడిసి వచ్చింది. జడ కొస నుంచి నీళ్లు కౌంటర్ అద్దం మీదికి కారుతున్నాయి. తుడవాలో, చూస్తూ ఉండాలో అతనికి తేలడం లేదు.

"పోనీ ఇది చూడండి. మంచి గేమ్స్ ఉన్నాయి."

"ఒద్దు."

"ఎఫ్ఎం రేడియో?"

"నేను సదువుకోనీకి కొంటున్న. నువ్వు నన్ను ఖరాబ్ చేసేటట్టే ఉన్నవ్."

ఆమె పేరు రమ్య. ఎల్‌బీ నగర్‌లో ఇల్లు. గ్రూప్ టూ రెండోసారి రాస్తోంది. మొదటిసారి ఎందుకు పోయిందో ఏ దాపరికం లేకుండా తనే చెప్పింది. ఫోన్‌లో క్లాసు వింటుంటే పైనుంచి ఏదో నోటిఫికేషన్ దిగుతుంది. చూసి వద్దామని వెళ్తే రీల్స్‌లో మునుగుతుంది. తేలేసరికి అన్నం వేళవుతుంది. ఈసారి కూడా రాకపోతే బడంగ్‌పేట్‌లో ప్లాట్లమ్మే మేనమామ ఆఫీసులో కూర్చుని, ముక్కూ మొహం తెలియనివాళ్లకి రోజంతా ఫోన్లు చేయాలి. ఇంట్లో మాట అయిపోయింది. అందుకే పరీక్ష దాకా తన ఫోన్ అమ్మ బీరువాలో ఉంటుంది. కోచింగ్ సెంటర్ ఇచ్చే క్లాసుల వీడియోలు చూడడానికి మాత్రం ఒక ప్లేయర్ కావాలి.

"పాట, వీడియో తప్ప ఇంకేం రావొద్దు. ఉన్నదా, పక్క షాపుకు పోవాల్నా?"

పక్క షాపు మాట వినగానే వినయ్ స్టూలెక్కి, అటక మీది పాత స్టాకు దించాడు. దుమ్ము తుడిచి మూడు ప్లేయర్లు వరసగా పెట్టాడు. అలవాటు కొద్దీ సినిమా పాట పెట్టబోతే ఆమె ఆపి, బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసింది. అందులో రాజ్యాంగం క్లాసు ఉంది.

మొదటి దానిలో బోర్డు మీది అక్షరాలు అలుక్కుపోయాయి. రెండోదానిలో పాఠం చెప్పే సారు మొహం గుమ్మడికాయలా సాగింది. మూడోదానిలో సారు సారులాగే ఉన్నాడు, అక్షరాలూ కుదురుగా ఉన్నాయి.

"షాపుల మంచిగనే వినొస్తది. నేను మెట్రోల వినాలె."

"రోడ్డు మీదికి రండి. ఆ మోత కంటే మెట్రోలో ఏముంటుంది?"

కొట్టు ముందు రేకు కింద ఇద్దరూ నిలబడ్డారు. ఒక ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో, ఒకటి అతని చెవిలో. ముందు బస్సుల హారన్లు, పైన వాన. గవర్నర్ అధికారాలు ఇంత హాయిగా ఉంటాయని వినయ్‌కి అంతకుముందు తెలియదు. క్లాసు ఇంకో గంట ఉంటే బాగుండుననిపించింది.

"వినొస్తున్నది," అని ఆమె ఇయర్‌ఫోన్ తీసేసింది. వారంటీ కార్డు మీద ఫోన్ నంబర్ రాయించుకుని, ప్లేయర్ చేతికిచ్చాడు.

ఆమె ఇంట్లో కంప్యూటర్ లేదు. అందుకని ప్రతి శనివారం కొత్త క్లాసులు ఎక్కించుకోవడానికి కొట్టుకే వచ్చేది. వినయ్ ఆమె పెన్‌డ్రైవ్‌ని కావాలనే నత్తనడక కంప్యూటర్‌కి పెట్టేవాడు. అది కాపీ అయ్యేలోపు బోలెడు కబుర్లు.

"మీ కంప్యూటర్ గింత స్లో ఏంది?"

"పాతదండీ. బాబాయికి దాని మీద ప్రేమ."

వెనక కూర్చున్న బాబాయి ప్రసన్నకుమార్ ఒకసారి దగ్గి ఊరుకున్నాడు.

శనివారం నుంచి శనివారానికి చాలా దూరం. ఒకనాడు వినయ్ ఉండబట్టలేక, వారంటీ కార్డు మీది నంబర్‌కి వాట్సాప్ పెట్టాడు. "నేను వినయ్, దిల్‌సుఖ్‌నగర్ షాపు. ప్లేయర్ బాగా పనిచేస్తోందా?"

పంపాక గుర్తొచ్చింది, ఆ ఫోన్ బీరువాలో ఉంటుందని. కానీ నిమిషంలో బొటనవేలి బొమ్మ వచ్చింది. అయితే బీరువాలోంచి దొంగతనంగా తీసిందన్నమాట. తన కోసమే తీసిందేమోనని మనసు ఎగిరి గంతేసింది.

మర్నాడు "తిన్నారా?" అని అడిగాడు. మళ్లీ బొటనవేలు. ఆ తర్వాత పొద్దున్నే సోమవారం శివుడు, మంగళవారం హనుమంతుడు, శనివారం వేంకటేశ్వరుడు, కింద శుభోదయం అని అటు నుంచి బొమ్మలు రాసాగాయి. ఈ వయసులో ఇంత భక్తేమిటని ఆశ్చర్యపడ్డాడు. వెనకబడితే బాగుండదని తనూ దేవుళ్లని పంపడం మొదలుపెట్టాడు. కొట్లో మాత్రం ఆమె ఆ ఊసెత్తేది కాదు. బాబాయి ముందు సిగ్గు కాబోలనుకున్నాడు.

పరీక్ష దగ్గరపడింది. ఏ వేళ మెసేజ్ పెట్టినా జవాబు వెంటనే వస్తోంది. అంటే పుస్తకం మూసి ఫోన్ పట్టుకునే ఉంటోందా? మొదట సంతోషపెట్టిన సంగతే ఇప్పుడు భయపెట్టింది. తన మెసేజ్‌ల వల్ల ఆ పిల్ల ప్లాట్ల ఆఫీసులో కూర్చోవాల్సి వస్తే తనని తాను క్షమించుకోలేడు. కానీ పొద్దున్నే ఆ దేవుడి బొమ్మ రాకపోతే రోజెలా గడుస్తుంది?

చివరికి గుండె చిక్కబట్టుకుని రాశాడు. "ఇక మెసేజ్‌లు పెట్టకండి, నేనూ పెట్టను. ఫోన్ మీ అమ్మగారికి ఇచ్చేసి చదువుకోండి. మీరంటే నాకు చాలా ఇష్టం. అందుకే చెబుతున్నా."

జవాబు రాలేదు.

శనివారం రమ్య ఎప్పటిలాగే వచ్చి పెన్‌డ్రైవ్ ఇచ్చింది.

"నేను చెప్పింది మీకు కోపం తెప్పించిందా?" అన్నాడు.

"ఏం జెప్పినవ్?"

"అదే, ఫోన్ తీయొద్దని."

"ఏం ఫోన్? నా ఫోన్ మా అమ్మ కాడ ఉన్నది గదా. బీరువల పెడ్తనన్నది గని, రోజు ముందటేసుకుని ఒకటే దేవుని ఫొటోలు చూస్తది."

వినయ్ స్టూలు మీద కూలబడ్డాడు. అతని మొహం చూసి రమ్యకి సంగతి అర్థమైంది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"ఇంతకు ఏం పెట్టినవ్?"

"ఏం లేదండీ. వారంటీ గురించి."

"సరే. పరీక్ష అయినంక ఫోన్ నాకొస్తది. అప్పుడు నేనే సదువుత."

సోమవారం ఒక పెద్దావిడ కొట్లోకి వచ్చి, చెప్పులు విడిచి, తీరిగ్గా కూర్చుంది.

"నేను రమ్య వాళ్లమ్మను. అరుణమ్మ."

వినయ్ లేచి నిలబడ్డాడు.

"కూసో బిడ్డ, పరేషాన్ గాకు. ఇంట్ల అందరు నేనొండింది తిని పోతరు. నువ్వు తిన్నవా అని నన్నడిగినోడు లేడు. నువ్వు అడిగేది మా రమ్యనని నాకెర్కనే. అయినా మంచిగనిపించింది."

"తప్పయిపోయిందండీ. ఆ ఆఖరి మెసేజ్ తీసేయండి."

"ఎందుకు? అబద్ధం రాసినవా?"

"లేదండీ."

"మరెందుకు తీసుడు? నువ్వు సదువుకోమన్నవ్. గట్ల అన్నోడు మా బిడ్డను ఆగం చెయ్యడని నాకు నమ్మకం. దానికింకా చెప్పలే. పరీక్ష అయినంక అదే చూసుకుంటది. ఔ అన్నా, కాదన్నా దానిష్టం."

"అలాగేనండీ," అన్నాడు వినయ్.

అరుణమ్మ లేచి చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"దానికంటే పరీక్ష ఉన్నది. నాకేం పరీక్ష ఉన్నదని నాకు గూడ బంద్ చేసినవ్?"

మర్నాటి నుంచి హనుమంతుడు, "తిన్నారా ఆంటీ" రెండూ మళ్లీ మొదలయ్యాయి.

పరీక్ష అయిన మర్నాడు రమ్య రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పొద్దున్నే దేవుడి బొమ్మ కూడా ఆగిపోయింది. ఫోన్ చేతులు మారిందని వినయ్‌కి అర్థమైంది. ఇప్పుడామె ఆ మెసేజ్ చదువుతూ ఉంటుంది. చదివి ఏమనుకుంటుంది? అన్నం సయించలేదు. ఇయర్‌ఫోన్లు అడిగినవాళ్లకి చార్జర్లు ఇచ్చాడు.

శనివారం సాయంత్రం చినుకులు పడుతుండగా రమ్య వచ్చింది. పెన్‌డ్రైవ్ తేలేదు.

"ఎలా రాశారు?"

"మంచిగనే రాసిన. వస్తదో రాదో చూద్దాం." కౌంటర్ మీద మోచేతులు ఆనించింది. "మెసేజ్‌లన్ని సదివిన. మా అమ్మ మా నాయినకు గూడ చూపెట్టింది. రేపు అన్నానికి రమ్మన్నరు నిన్ను. గని నేనింకా ఏం అనలే."

"అనండి."

"ఇష్టమని మా అమ్మకు చెప్పినవ్. నాకు చెప్పలే."

బాబాయి ఉన్నట్టుండి టీ తాగి వస్తానని వానలోకి వెళ్లిపోయాడు.

"మీరంటే నాకిష్టం, రమ్యగారూ."

"గారు తీసేసి చెప్పు."

"నువ్వంటే నాకిష్టం, రమ్యా."

ఇన్నాళ్లూ అంత దబాయించిన పిల్ల తలెత్తలేకపోతోంది.

"నాకు గూడ," అంది మెల్లగా. "ఎప్పటిసందో. సదువు పాడైతదని నాకు నేను గూడ చెప్పుకోలే."