సోరెల్ వాగు అవతలి పిలుపు

పొద్దు వాలాక సోరెల్ వాగు రేవుకు ఎవరూ వచ్చేవారు కారు. అమెరికాలోని జార్జియాలో ఆ చుట్టుపక్కల నల్లవాళ్లూ అంతే, తెల్లవాళ్లూ అంతే. చీకటి పడితే అవతలి ఒడ్డు నుంచి పిలుపు వినిపిస్తుందని చెప్పుకునేవారు. ఒకటే మాట...

"వంతెన ఉందా?"

పలికారో — వాగు తీసుకుపోతుందట.

ఆ పిలుపు ఎవరిదో అందరికీ తెలుసు. బానిసల్ని వదులుకోలేక దక్షిణాది దొరలు దేశాన్నే చీల్చి యుద్ధానికి దిగారు కదా... ఆ యుద్ధం చివరి చలికాలంలో ఉత్తరాది సైన్యం ఈ దారినే వచ్చింది. దాని వెనకాలే వందలమంది బానిసలు, పిల్లాజెల్లాతో, నెత్తిన మూటలతో. సైన్యం పడవలు వరసగా కట్టి వంతెన వేసుకుంది. దాటింది. దాటగానే వంతెన లాగేసింది!

వెనక దక్షిణాది గుర్రపు దండు. ముందు ఎముకలు కొరికే చన్నీళ్లు. దూకినవాళ్లు దూకి మునిగిపోయారు. మిగిలినవాళ్లని మళ్లీ తాళ్లు కట్టి తోలుకుపోయారు.

ఐషమ్ ఆ రోజు ముందే దాటేశాడు. సైన్యానికి దారి చేయడానికి చెట్లు కొట్టే కూలి అతను. భార్య టెంపీ వెనక గుంపులో ఉండిపోయింది. వంతెన లాగుతుంటే అతను వెనక్కి పరుగెత్తాడు. ఇద్దరు సిపాయిలు పట్టుకుని నేలకేసి అదిమారు. టెంపీ దూకిందో, దొరికిపోయిందో... చెప్పినవాళ్లు లేరు.

యుద్ధం అయిపోయింది. బానిసత్వం పోయింది. ఐషమ్ మాత్రం ఆ రేవు వదల్లేదు. ఒడ్డు నుంచి ఒడ్డుకు మోకు కట్టి, బల్లకట్టు వేసి, పగలంతా జనాన్ని దాటించేవాడు. టెంపీ తల్లి హెస్టర్ అతనితోనే గుడిసెలో ఉండేది. రాత్రుళ్లు పిలుపు వినిపిస్తే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా దుప్పటి కప్పుకునేవారు.

ఆ రాత్రి సన్నగా వాన. పొయ్యి బూడిదలో చిలగడదుంపలు కాలుతున్నాయి.

"వంతెన ఉందా?"

ఇద్దరూ బిగుసుకుపోయారు. అంతలో —

"ఎవరూ లేరా? చలికి చచ్చేలా ఉన్నానిక్కడ!"

ఐషమ్ గుసగుసగా అన్నాడు, "దెయ్యానికి చలేస్తుందా అత్తా?"

"పలక్కు. అవి ఎన్ని వేషాలైనా వేస్తాయి."

"టెంపీ అయితే?"

ముసలమ్మ లేచి మేకుకున్న లాంతరు తీసింది.

మోకు లాగుతూ వాగు దాటాడు ఐషమ్. అవతల ఒక ఆడమనిషి... నెత్తిన చిన్న మూట, ఒళ్లంతా బురద.

టెంపీ కాదు.

"ఎవరు నువ్వు?"

"వినీ అంటారయ్యా. ఆ రోజు నా పిల్లలు పక్కింటావిడతో సైన్యం బండెక్కి ముందే దాటేశారు. నన్ను పట్టుకుని అలబామా తోలుకుపోయారు. ఇన్నాళ్లకి నడిచొచ్చాను. వంతెన తీసేయడం నా కళ్లతో చూశాను... మళ్లీ వేశారేమోనని అరిచాను."

"ఎర్ర తలగుడ్డ కట్టుకునేది... టెంపీ అని..."

"చాలామందిమి ఉన్నాం కదయ్యా," అంది మెల్లగా.

అతను తల పక్కకి తిప్పుకున్నాడు. "సరే, ఎక్కమ్మా."

ఆమె కాలు పెట్టగానే బల్లలు కిర్రుమన్నాయి. ఐషమ్‌కి ఒక్కసారిగా నవ్వొచ్చింది. "అత్తా! మనిషేనే!" అని కేకేశాడు.

మోకు పట్టి లాగాడు.

కదల్లేదు.

కాళ్లు తన్నిపెట్టి మళ్లీ లాగాడు. ఎడ్లతో సహా బండి ఎక్కించినట్టు... బల్లల మీదికి నీళ్లొస్తున్నాయి.

"మూటలో ఏంటమ్మా, రాళ్లా?"

"పిల్లలకి రెండు గౌన్లు," అంది వినీ. అంతలోనే గొంతు తగ్గించి — "అయ్యా... నా వెనక ఎవరో ఊపిరి తీస్తున్నారు."

"తిరిగి చూడకు."

అరచేతులు ఒరుసుకుపోయాయి. ఎలా లాగాడో అతనికే తెలీదు. బల్లకట్టు ఒడ్డుకి తగలగానే వినీ ఒక్క గెంతు గెంతి గుడిసె వైపు పరుగెత్తింది.

బల్లకట్టు తేలాలి. తేల్లేదు.

మెల్లగా... ఒక కుదుపు. ఎవరో దిగినట్టు వేలెడంత పైకి లేచింది. మళ్లీ కుదుపు. మళ్లీ. ఒడ్డున హెస్టర్ లాంతరు పట్టుకుని, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ, ఎవరికో దారి ఇస్తోంది.

చివరికి నీళ్లు బల్లల కిందికి దిగిపోయాయి. అయినా ఒక మూల ఇంకా ఒరిగే ఉంది. సరిగ్గా అతని పక్కనే.

ఐషమ్ మోకు వదల్లేదు. వదిలితే ఏమవుతుందోనని భయం.

"టెంపీ...?"

హెస్టర్ లాంతరు ఆ మూలకేసి ఎత్తింది.

"దిగు తల్లీ," అంది ముసలమ్మ. "దాటేశావు."

బల్లకట్టు ఒక్కసారి ఊగింది... ఆ మూల నెమ్మదిగా పైకి లేచింది.