పెళ్ళికొడుకు లేని బరాత్

పెళ్ళికొడుకు గుర్రం వెనకాలే సైకిల్ తొక్కుతూ వస్తున్న అమ్మాయిని చూసి, సంకేత్ ముందు పెళ్ళివారి చుట్టమేమో అనుకున్నాడు. చుట్టమైతే ఈపాటికి డాన్సైనా చెయ్యాలి, అలకైనా పూనాలి. ఈ పిల్ల రెండూ చెయ్యడం లేదు. బుద్ధిగా బెల్లు కొట్టుకుంటూ వస్తోంది.

బరాత్ పురానాపూల్ దాటి మెయిన్ రోడ్డెక్కింది. ముందు తౌఫీఖ్ దళం మర్ఫా డప్పులతో చెవులకు తూట్లు పొడుస్తోంది. పెళ్ళికొడుకు మేనమామ రోడ్డుకు అడ్డంగా పడుకుని పాము డాన్స్ చేస్తున్నాడు. రెండు పక్కలా లైట్ల గొడుగులు, నడుమ షెహజాదీ అనే తెల్ల గుర్రం, దాని కళ్ళెం పట్టుకుని సంకేత్. బరాత్‌లకు గుర్రాన్నీ గొడుగులనూ కిరాయికిచ్చే దుకాణం వాళ్ళ తాత పెట్టింది. ఇప్పుడు నడిపేది సంకేతే.

"మేడం, మీరు పిల్ల తరఫా, పిల్లగాని తరఫా?" అని అరిచాడు.

"రోడ్డు తరఫు," అంది ఆ అమ్మాయి.

ఎర్ర హెల్మెట్, భుజాన బ్యాగు, చూపులో బోలెడంత చిలిపితనం.

"ముందుకు పోరాదు మరి?"

"పోను. ఈడనే మంచిగున్నది."

"గుర్రం తన్నుతది!"

"ఆటోలు గుద్దుతయి. గుర్రమే నయం. తన్నే ముందు కొంచెం ఆలోచిస్తది."

మాటకు మాట అప్పజెప్పడంలో సంకేత్ పాతబస్తీలో ఎవరికీ తీసిపోడు. అలాంటివాడు నోరు తెరుచుకుని నడుస్తుంటే షెహజాదీ కూడా ఒకసారి తిరిగి చూసింది. మెయిన్ రోడ్డు అయిపోయి గల్లీ రాగానే ఆ అమ్మాయి సైకిల్ తిప్పి, "థాంక్స్ అన్నా!" అంటూ వెళ్ళిపోయింది.

థాంక్స్ బాగానే ఉంది. ఆ రెండో మాటే ముల్లులా గుచ్చుకుంది.

తర్వాతి బరాత్‌కూ వచ్చింది, ఆ తర్వాతి దానికీ వచ్చింది. ఒక కాలు నేలకు ఆనించి పురానాపూల్ దగ్గర సిద్ధంగా ఉండేది. పేరు మేధ. అక్కడికి దగ్గర్లోనే ఓ రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. ఇల్లు సైదాబాద్. ఈ సంగతులన్నీ సంకేత్ డప్పుల మోత మధ్యలో అరిచి అరిచి రాబట్టాడు.

"బస్సు లేదా మీకు?"

"రెండు మారాలె. బస్సొచ్చేలోపల నేను ఇంటికి పోయి, చాయ్ తాగి, అమ్మతోని కొట్లాడి, రాజీ గూడ పడత."

"మరి బరాత్‌ల ఏం పని?"

మేధ నవ్వు కాస్త తగ్గించింది. "గల్లీలల్ల నాకు ఫికర్ లేదు. ఈ ఒక్క రోడ్డే కష్టం. ఎడమ పక్కంత బండ్లు నిలబెడ్తరు. నేను నడిమిట్లకు రావాలె. నడిమిట్ల బస్సులు. సైకిల్ మీద మనిషి ఎవరికీ కనబడది అన్నా. బరాత్ కనబడుతది. దాని ముంగట మంత్రి కారైనా ఆగవలసిందే."

అది నిజం. అంబులెన్సుకు దారివ్వడానికి ఆలోచించేవాడు కూడా బరాత్ వస్తే చేతులు కట్టుకుని పక్కకు నిలబడతాడు. సంకేత్ పుట్టినప్పటినుంచీ బరాత్‌లలోనే పెరిగాడు కానీ, వాటికి ఇలాంటి ఉపయోగం ఉంటుందని ఊహించలేదు. ఆ రోజునుంచి షెహజాదీని మరీ నెమ్మదిగా నడిపించసాగాడు. పెళ్ళికొడుకులు విసుక్కున్నారు. విసుక్కోనీ, వాళ్ళకు పెళ్ళి ఎలాగూ అవుతుంది.

ఒక సాయంత్రం మేధ మోచేతికి కట్టుతో వచ్చింది.

"ఏమైంది?" సంకేత్ గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"నిన్న లగ్గం లేకుండె కదా. ఆటో అద్దం తాకింది." తేలిగ్గానే చెప్పబోయి, చివర్లో చూపు హ్యాండిల్ వైపు తిప్పుకుంది. "బాపు చూసిండు. ఇంకొక్క దెబ్బ తగిలితే సైకిల్ పాతసామాన్లోనికి ఇస్తడట. నౌకరీ గూడ బందట. కొట్టలే, తిట్టలే. కండ్లల్ల నీళ్ళు తీసుకున్నడు. ఏమనాలె చెప్పు?"

సంకేత్ షెహజాదీని ఇంకాస్త నెమ్మది చేశాడు.

"ఇంకో సంగతి. వచ్చే వారం ఆషాఢం. లగ్గాలు బంద్."

"గా బంద్ చేసేటోళ్ళను అనాలె!" అన్నాడు సంకేత్ ఆవేశంగా.

"అను. ఆయన మా బాపే. సైదాబాద్ రంగనాథ్ పంతులు."

సంకేత్ చేతిలో కళ్ళెం జారింది. ఈ చుట్టుపక్కల సగం పెళ్ళిళ్ళకు ముహూర్తం పెట్టేది రంగనాథ్ పంతులుగారే. ఆయన వేళ్ళు లెక్కపెట్టి 'ఉన్నది' అంటే షెహజాదీకి గుగ్గిళ్ళు, 'లేదు' అంటే వట్టి గడ్డి. ఆయనకు కోపమొస్తే దుకాణానికి తాళమే. ఏ రోజు బరాత్ ఉంటుందో ఈ పిల్లకు ముందే ఎలా తెలుస్తోందో కూడా ఇప్పుడర్థమైంది.

తెలివున్నవాడైతే అక్కడితో దణ్ణం పెట్టి ఊరుకునేవాడు. కానీ సంకేత్‌కు ఆ కట్టే కళ్ళముందు కదులుతోంది. నేరుగా తౌఫీఖ్ దగ్గరికి పోయాడు.

"భాయ్, ఆషాఢంల ఖాళీయేనా?"

"ఖాళీయే. ఏం?"

"మర్ఫాకు ప్రాక్టీస్ ఉండాలె. గుర్రానికి వాకింగ్ ఉండాలె. రోజూ సాయంత్రం మెయిన్ రోడ్డు మీద పెట్టుకుందాం."

తౌఫీఖ్ వాడి మొహంలోకి చాలాసేపు చూశాడు. "వాకింగ్ గుర్రానికా, నీకా?"

"భాయ్..."

"వాయిస్త లే. గానీ పైసలొద్దు, బిర్యానీ తినిపియ్యి. ఇష్క్ కేసుల్ల మేం కిరాయి తీసుకోం."

ఆషాఢం మొదలైంది, వానలూ మొదలయ్యాయి. మొదటి సాయంత్రం డ్యూటీ దిగి భయంభయంగా పురానాపూల్ దాటిన మేధ, ఎదురుగా వెలుగుతున్న లైట్ల గొడుగులను చూసి బ్రేక్ వేసింది.

"ఎవరి లగ్గం?"

"ఎవరిదీ కాదు. గుర్రానికి వాకింగ్," అన్నాడు సంకేత్ ఆకాశంలోకి చూస్తూ.

"మరి ఈ లైట్లేంది?"

"చీకటంటే భయం దానికి."

"డప్పులు?"

"సప్పుడు లేకుంటే నడవది. అలవాటైంది."

మేధ పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికా, ఇంకోటి ఆపుకోవడానికా అనేది ఆ వానలో తెలియలేదు. ఏమీ అనకుండా సైకిల్‌ను గుర్రం వెనక్కి తిప్పింది. సంకేత్ ఒక గొడుగును ఆమె తలమీదికి జరిపించాడు. దాన్ని లైట్లకోసం కుట్టారు కానీ, వాననూ బాగానే ఆపింది.

మూడోనాడు డానియేలు వచ్చాడు. ఓ గోదాములో వాచ్‌మన్, డ్యూటీకి సైకిల్ మీదే పోతాడు. "తమ్మీ, నేను గూడ వెనకాల రావచ్చునా? నా అద్దాలు మసక. లారీ దగ్గరికొచ్చేదాక కనబడది," అని అడిగాడు. తర్వాత కుట్టుపని నేర్చుకుని వచ్చే నౌరీన్, పాలక్యాన్ల ఆయన, బేకరీలో పనిచేసే ఇద్దరు. వారం తిరిగేసరికి షెహజాదీ వెనక జంటలు జంటలుగా సైకిళ్ళు. రోజూ హారన్ కొట్టి తరిమే ఆటోవాళ్ళే ఖాళీ గుర్రానికి సలాం చేసి పక్కకు తప్పుకున్నారు. డాబాల మీదినుంచి ఆడవాళ్ళు పూలు కూడా వేశారు.

"దూల్హా కహాఁ?" అని ఎవరైనా పెళ్ళికొడుకు కోసం అడిగితే, "వెనకొస్తుండు," అనేవాడు సంకేత్. వెనక డానియేలు మీసం దువ్వేవాడు.

ఇంత సంబరం జరుగుతుంటే చెవినపడకుండా ఉంటుందా? శ్రావణందాకా కొడుకు పెళ్ళి ఆపుకున్న బాలమ్మ, సైదాబాద్ గుడికి వచ్చి రంగనాథ్ పంతులుగారి మీద లొల్లి పెట్టుకుంది.

"లగ్గాల్లేవంటివి గదా పంతులూ! పురానాపూల్ కాడ రోజూ ఒకటైతున్నది. గాళ్ళకు దొరికిన ముహూర్తం మాకెందుకు దొరకది?"

"బోనాల డప్పులై ఉంటయమ్మా."

"బోనాలకు పెండ్లి గుర్రమెందుకు? నాకు కండ్లు లేవా?"

పంతులుగారి విద్యకే ఎసరొచ్చింది. పంచాంగం చంకనబెట్టి, భార్య అలివేలును స్కూటర్ వెనకాల ఎక్కించుకుని, ఆ సాయంత్రమే బయల్దేరారు. బరాత్ ఎదురురాగానే స్కూటర్ పక్కన ఆపి, కండువా భుజాన వేసుకుని రోడ్డు నడిమధ్యన నిలబడ్డారు.

"ఆపుండ్రి! ఆషాఢంల ముహూర్తం పెట్టిన మొగోడెవడు?"

మర్ఫా ఆగిపోయింది. గొడుగులు పట్టినవాళ్ళు బెదిరిపోయి వాటిని దించేశారు. సంకేత్ కళ్ళెం వదలకుండానే రెండడుగులు ముందుకొచ్చాడు.

"ముహూర్తం లేదు అయ్యగారూ. లగ్గం లేదు. పెండ్లికొడుకు గూడ లేడు."

"మరేమున్నది?"

"సైకిళ్ళున్నయి."

గుర్రం చాటునుంచి ఎర్ర హెల్మెట్ ఇవతలికొచ్చింది. "బాపూ, నేనే."

పంతులుగారు ఏదో అనబోయారు. అప్పటికే డప్పులు ఆగాయి, లైట్లు దిగాయి. రోడ్డు ఎప్పటిలాంటి రోడ్డైపోయింది. వెనకనుంచి ఓ ఆటో రయ్యిమని సందులోకి దూరింది. సంకేత్ ఎగిరి పంతులుగారి నడుం పట్టి షెహజాదీ పక్కకు లాగాడు. ఆటో అద్దానికి చిక్కుకుని కండువా మాత్రం వెళ్ళిపోయింది. అలివేలు కెవ్వుమంది.

పంతులుగారు కాసేపు గుర్రం మెడ పట్టుకుని ఊపిరి తీసుకున్నారు.

"ఇంత మనిషిని... వానికి నేను కనబడలేదా?"

"కనబడలే బాపూ," అంది మేధ మెల్లగా. "నేను గూడ రోజూ కనబడ. వీళ్ళెవరం కనబడం. గుర్రం ఉంటేనే కనబడుతం. అందుకే ఈయన తెస్తున్నడు."

పంతులుగారు కూతురి మోచెయ్యి పట్టుకుని చూశారు. పాత దెబ్బ మానింది. కొత్తది లేదు. వెనక నిలబడ్డ సైకిళ్ళవాళ్ళను చూశారు. డానియేలు మసక అద్దాలు తుడుచుకుంటున్నాడు. రోజూ ఈ రోడ్డు దాటే ఆ మనిషిని చూస్తే పంతులుగారికి చాలా సిగ్గేసింది.

"ఏం చూస్తున్నరు?" అని తౌఫీఖ్ మీద అరిచారు. "వాయించుండ్రి!"

ఆషాఢంలో బరాత్ ముందు రంగనాథ్ పంతులుగారు నడుస్తుంటే చూడటానికి పాతబస్తీకి రెండు కళ్ళూ చాలలేదు. గల్లీ మలుపు దగ్గర ఆయన కూతురినడిగారు. "ఈ పిల్లగాడు నీకెట్ల తెలుసు? ఏమైతడు?"

సంకేత్ ఒక చెవి అటు పడేశాడు. 'అన్న' అంటుంది, ఇక అంతే.

"గుర్రమాయన," అని మేధ సైకిలెక్కేసింది. ఆ మాటతో వాడికి వారం రోజులు ఆకలి వెయ్యలేదు.

మర్నాటినుంచి గుడి ముందు కొత్త శాసనం. పురానాపూల్ రోడ్డు ఎడమ అంచున బండి నిలిపేవాడికి వాహనపూజ లేదు. టైరు కింద నిమ్మకాయ పెట్టేది లేదు. "మావోళ్ళ సంగతి నేను చూసుకుంట అయ్యగారూ," అన్న తౌఫీఖ్, అక్కడ బండి పెట్టేవాళ్ళ షాదీల్లో మర్ఫా మోగదని చాటింపేశాడు. జరిమానాకు బెదరనివాళ్ళు ఈ రెండింటికీ బెదిరిపోయారు. అంచు ఖాళీ అయింది. ఖాళీ అయ్యాక ట్రాఫిక్ వాళ్ళు వచ్చి తెల్లగీత గీసి, ప్లాస్టిక్ స్తంభాలు నాటి, సైకిల్ బొమ్మ వేశారు. శ్రావణం నాటికి డానియేలు కూనిరాగం తీస్తూ ఆ దారిన పోయేవాడు.

రోడ్డు బాగుపడినందుకు బాధపడ్డవాడు ఊళ్ళో సంకేత్ ఒక్కడే. సైకిల్‌కు దారి దొరికింది. ఇక గుర్రంతో ఎవరికేం పని?

శ్రావణంలో తొలి బరాత్, బాలమ్మ కొడుకుదే. తుంపర పడుతోంది. ఎడమ అంచున సైకిళ్ళు జోరుగా పోతున్నాయి. వాటిలో ఎర్ర హెల్మెట్ లేదు. సంకేత్ కళ్ళెం పట్టుకుని నేల చూపులు చూస్తూ నడుస్తున్నాడు.

వెనక బెల్లు మోగింది.

"అటు ఖాళీగనే ఉన్నది కదా," అన్నాడు తిరిగి చూసి, సంతోషం దాచుకోలేక.

"ఉన్నది."

"బస్సు రాదు, ఆటో రాదు."

"రాదు. పని మీద వచ్చిన. కార్తీకంల ఒక ముహూర్తమున్నదట. ఆ రోజు గుర్రం ఖాళీ ఉన్నదేమో అడిగి రమ్మన్నడు బాపు."

"ఎవరి లగ్గం?"

"నాదే."

సంకేత్ మొహం మాడిపోయింది. "ఖాళీయే," అన్నాడు ఎలాగో.

"గుర్రం పట్టేటోన్ని వేరే చూసుకో. నీకు ఆ రోజు తీరదు."

"ఎందుకు తీరదు?"

"పైన కూచున్నోడు కళ్ళెం ఎట్ల పడతడు?"

అర్థం కావడానికి వాడికి కాస్త సమయం పట్టింది. షెహజాదీ ఆగిపోయింది. "మీ బాపు ఒప్పుకున్నడా?"

"మూడు రోజులు మాట్లాడలే. మనోళ్ళు కాదు, జాతకం లేదు అన్నడు. అమ్మ ఒక్క మాటన్నది. మన లగ్గం ఏ మాసంల అయింది, చెప్పాల్నా అందరికీ అని. ఆషాఢంలనే అయిందట! రిజిస్ట్రార్ ఆఫీసుల! ఇద్దరిండ్లల్ల ఒప్పుకోలేదని. ఇంక బాపు నోరు లేవలే."

"నన్నడగకుండనే ఖాయం చేసిన్రా?"

"నువ్వడుగుతవని నెల రోజులు చూసిన. ఊరు ఊరంత బరాత్ తీసినవ్. నోట్లెనుంచి మాట రాలె."

సంకేత్ కళ్ళెం గట్టిగా పట్టుకున్నాడు. "ఇష్టం మేధా. మస్తు ఇష్టం."

"వినబడలే. డప్పులు."

"నువ్వంటే నాకు పానం మేధా!" అని గొంతు చించుకుని అరిచాడు.

సరిగ్గా అప్పుడే తౌఫీఖ్ చెయ్యెత్తి మర్ఫా ఆపించాడు, దుర్మార్గుడు. రోడ్డంతా నిశ్శబ్దం. పాలక్యాన్లతో సహా అందరూ విన్నారు. గుర్రం మీది పెళ్ళికొడుకు పూలతెర తప్పించి కిందికి వంగాడు.

"అక్కా, జల్ది ఒప్పుకో. ముహూర్తం దాటితే మా అమ్మ మల్ల పంతులు మీద పడ్తది."

"నేను ఒప్పుకునే వచ్చిన తమ్మీ," అంది మేధ. "మీ గుర్రమాయన్ని నడవమని చెప్పు."