మధ్యవర్తి లేని జత

"మూత బిగించే పాల క్యాను తెచ్చినారా? దీంట్లో లిక్విడ్ నైట్రోజన్ పోసి మూస్తే బాంబు మాదిరి పేలతాది సార్! నిజంగా ఫిజిక్స్ లెక్చరరేనా మీరు?"

పుంగనూరు పశువుల ఆస్పత్రి వరండాలో నిలబడ్డ లోకేష్ ఒక అడుగు వెనక్కి వేశాడు. క్యాను వల్ల కాదు. ఎదురు పడకూడదనుకున్నా ఎదురుగానే తెల్లకోటులో ఉన్న డాక్టర్ పల్లవి, పోయిన నెల కుప్పంలో పెళ్ళిచూపుల్లో తనను వద్దన్న అమ్మాయి.

"నేను... థియరీ అండీ" అన్నాడు.

పల్లవి నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

పెళ్ళిచూపుల రోజు ఆమె ఒక్కటే అడిగింది, "నేనంటే యాల ఇష్టం?" అని. ఎందుకు అన్న ఆ ప్రశ్నకు, పెళ్ళిళ్ళ బ్రోకరు బైరప్ప నేర్పిన పాఠం లోకేష్ గడగడా అప్పజెప్పాడు. ఉద్యోగం, ఎత్తు, జాతకం, ఆమె పనిచేసే పుంగనూరుకీ తన మదనపల్లెకీ దగ్గర. సాయంత్రానికే వద్దని కబురొచ్చింది. పాఠం బైరప్పదే గానీ, ఇష్టం మాత్రం లోకేష్‌దే. అందుకే ఆ కబురు ఇంకా గుచ్చుకుంటోంది.

"మా పొట్టి ఆవులకు ఎద సూదులేసే వీర్యం ఈ నైట్రోజన్‌లోనే దాస్తాము. మీకు యాలకి?"

అతను జేబులోంచి చిన్న నల్లబిళ్ళ తీశాడు. "సూపర్ కండక్టర్. మా కాలేజీ పిల్లోళ్ళే కాల్చి చేసినారు. బాగా చల్లబడితే దీంట్లో కరెంటు ఏ అడ్డం లేకుండా పారతాది. పైన అయస్కాంతం గాల్లో తేలతాది."

"సరే. మిగిలింది ఉంటే నేనే తెస్తా. మీ క్యానును నమ్మను."

అన్నట్టే వానలో తడుస్తూ మదనపల్లె కాలేజీకి వచ్చింది. గిన్నెలో నైట్రోజన్ పోయగానే బిళ్ళ చుట్టూ తెల్లటి పొగ. అయస్కాంతం తేలింది. పిల్లలు ఈలలు వేశారు. పల్లవి పిల్లల మధ్య దూరి, పెన్సిలుతో దాన్ని మెల్లగా తిప్పింది.

"ఎట్లా?"

"ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. జత కడితేనే అడ్డం లేకుండా పారేది. పాతరకం సూపర్ కండక్టర్లలో, మధ్యలో పరమాణువులు కదిలి రెండింటినీ జత చేస్తాయి."

"బైరప్ప మాదిరి."

"ఆ. దీంట్లో ఆ బైరప్ప సాలడు. ఆ తోపులాటలోనే జత కడతాయని సానామంది నమ్మకం."

"యాల?"

లోకేష్ చాక్‌పీసు కింద పెట్టాడు. "పూర్తిగా ఎవురికీ తెలీదు. ఇంకా ఎతుకుతానే ఉండారు."

పల్లవి అతని వైపు కొత్తగా చూసింది.

పిల్లలు బస్సులకు పరిగెత్తారు. గిన్నె ఎండిపోయింది, అయస్కాంతం నెమ్మదిగా బిళ్ళ మీదికి దిగింది. బయట వాన తగ్గలేదు.

"మీకింకా నేనంటే ఇష్టమేనా?" బిళ్ళనే చూస్తూ అడిగింది.

"ఇష్టమే."

"యాల?"

ఉద్యోగం, ఎత్తు, జాతకం ఒక్కటీ గుర్తు రాలేదు. ఈసారి తప్పితే ఇంకో అవకాశం ఉండదని మాత్రం తెలుసు.

"తెలీదు" అన్నాడు. "క్యాను సూసి తిట్టినప్పుడు కూడా ఇష్టంగానే ఉండింది."

పల్లవి మిగిలిన నైట్రోజన్ గిన్నెలో వంచింది. కాసేపటికి అయస్కాంతం మళ్ళీ లేచింది. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఆదివారం కుప్పానికి రా. మా నాయనతో నువ్వే మాట్లాడు."

"బైరప్పకు ఫోన్..."

"ఆయప్పను తెచ్చినావంటే మళ్ళీ వద్దంటా!"