తడిసిన లోగో

మా విలేకరుల్లో ఒక పద్ధతుంది. ప్రెస్‌మీట్‌కు అందరూ పోనక్కర్లేదు. చానల్ పేరు రాసిన మైకును మేం లోగో అంటాం. అది టేబుల్ మీద ఉంటే మనిషి వచ్చినట్టే. ఆ రోజు మా ఎమ్మిగనూరు విలేకరుల లోగోలన్నీ సంచిలో వేసుకుని నేనొక్కడినే ఆదోని బస్సెక్కాను. మిగిలినవాళ్లు ఇంట్లో ఫ్యాను కింద పడుకుని నేను పంపే వీడియో కోసం ఎదురుచూస్తుంటారు. పాపం, కష్టజీవులు.

పిలిచింది సిద్దప్ప, కంకర క్వారీల యజమాని. విషయం, సోషల్ మీడియాలో దుష్ప్రచారం. ఎవరి గురించో అందరికీ తెలుసు. ఆదోని కుర్రాడు జీషాన్ ఫేస్‌బుక్‌లో సొంత పేజీ పెట్టుకుని, క్వారీ పేలుళ్లకు పల్లెల్లో ఇళ్లు బీటలువారుతున్నాయని లైవ్‌లో చూపించాడు. చంపుతామని కామెంట్లొచ్చాయి. వాటినీ నవ్వుతూ చదివి వినిపించాడు. పోయిన నెల అతని శవం క్వారీ గుంతలో తేలింది. కాలు జారిందన్నారు. మేమూ అలాగే రాశాం. నాకు పెళ్లాం ఉంది, బిడ్డ ఉంది. నాకు బతకాలని ఉంది.

"ఒక్క లోగో ఉంటే కొడతారన్నా. రెండుంటే ఆలోచిస్తారు. నా పక్కన ఎవురన్నా నిలబడండి" అని జీషాన్ టీ అంగడి దగ్గర మా అందర్నీ అడిగేవాడు. అందరం టీ తాగేవాళ్లం.

మిట్టమధ్యాహ్నం ఫంక్షన్ హాలుకు చేరాను. ఎండకు పరదాలు దించారు. కరెంటు పోయింది. బయట పత్తి లారీల మోత, లోపల చెమట, అగరొత్తుల వాసన. వాటి అడుగున ఇంకో వాసన... పాచి పట్టిన నిలవ నీళ్లది. ఫోన్ చూసుకుంటూనే, అలవాటు కొద్దీ సంచిలో చెయ్యి పెట్టి లోగోలు ఒక్కొక్కటే టేబుల్ మీద పేర్చాను. చివరిది చేతికి చల్లగా తగిలింది. చూడకుండానే పెట్టేశాను.

లైవ్ మొదలుపెట్టాక ఫోన్ తెరలో చూశాను. ఆకుపచ్చ లోగో. మీద జీషాన్ పేజీ పేరు. దాన్నుంచి టేబుల్ గుడ్డ మీదికి నీళ్లు కారుతున్నాయి.

అది అతనితోపాటే గుంతలో పడిపోయింది. ఈతగాళ్లు దిగి వెతికినా దొరకలేదు.

తీసేద్దామని లేచేలోపే సిద్దప్ప మాట్లాడటం మొదలుపెట్టాడు. "నోరుండాదని ఏదంటే అది అంటే యెట్లప్పా? ఫోనున్నోడల్లా విలేకరేనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"సిద్దప్పన్నా..."

నవ్వులు ఆగిపోయాయి.

"జీషాన్‌ను గుంతలోకి తోసింది నీ మనుషులేనా?"

అది నా గొంతు. నా పెదాలు కదల్లేదు. పళ్లు బిగించి నోరు మూసుకునే ఉన్నాను. మాట లోగోల వైపు నుంచి వచ్చింది... కానీ తలలన్నీ నా వైపే తిరిగాయి.

పక్కనున్న ఆదోని విలేకరి ఉరుకుందు నా చెవి దగ్గరికి వంగాడు. "ఏం పోయేకాలమన్నా నీకు?"

"నేనడగలేదురా..."

"నీ గొంతు నాకు తెలీదా?"

ఫోన్ తెర మీద హృదయాలు ఎగురుతున్నాయి. 'మొగోడివన్నా' అని ఒకడు. 'ఇంకా అడుగన్నా' అని ఇంకొకడు. ఎక్కడో నీడపట్టున కూర్చుని నన్ను పొగుడుతున్నారు. వాళ్ల మీద నాకు ఒళ్లు మండిపోయింది. మధ్యలో నా భార్య సునీత మెసేజ్. 'యెందుకడిగినావయ్యా? బిడ్డ మొగం సూసైనా ఊరకుండకూడదా?'

లైవ్ ఆపాను. ఆగలేదు. ఫోన్ స్విచ్ ఆఫ్ చేశాను. నల్లబడిన తెర మీద హృదయాలు పైకి ఎగురుతూనే ఉన్నాయి.

సిద్దప్పకు కోపం రాలేదు. అందుకే నాకు భయమేసింది.

"నీ పేరేమప్పా?" మెత్తగా అడిగాడు.

"ఆంజనేయులన్నా. అడిగింది నేను కాదన్నా..."

"అట్లనేలే. కూసో. భోంచేసి పోదువు. మా వాళ్లు బండ్లో దించొస్తారు."

ఆయన లోపలికి పోయాడు. ఆదోని విలేకరులు ఒక్కొక్కరే లేచారు. ఎవరూ నా మొహం చూడలేదు. ఎవరి లోగో వాళ్లు తీసుకున్నారు. ఉరుకుందుకు ఫోన్ వచ్చింది. విని, నేను తెచ్చిన మావాళ్ల లోగోలు కూడా సంచిలో వేయసాగాడు.

"మీ ఊరోళ్లు తీసేయమంటాండారన్నా" అన్నాడు తల దించుకుని. పోతూ పోతూ తలుపు దగ్గరగా వేశాడు.

టేబుల్ మీద రెండు లోగోలే మిగిలాయి. నాది, జీషాన్‌ది. పక్కపక్కనే.

రెండుంటే ఆలోచిస్తారు...

వెనక తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఇద్దరు. "బండి వచ్చిందప్పా. దా."

ముందు జీషాన్ లోగో పట్టుకున్నాను. పొడిగా ఉంది. ఎండలో ఆరబెట్టినట్టు వెచ్చగా ఉంది. దాని కింద గుడ్డ కూడా ఆరిపోయింది.

తర్వాత నాది ఎత్తాను. నా మోచేతి దాకా నీళ్లు కారాయి.