ఊపిరాడని పెట్టె

"ఫోటో చూపిస్తాను, బాగా గుర్తు పెట్టుకో," అన్నాడు బాస్.

చూపించలేకపోయాడు. ఫైలు తెరుచుకునే లోపే కంప్యూటర్ టప్పున ఆగిపోయింది. కాసేపటికి తనంతట తానే వెలిగింది. బాస్ మళ్ళీ నొక్కాడు. అది మళ్ళీ ఆగింది. బల్ల కింద ముఖమల్ గుడ్డ కప్పుకుని కూర్చున్న పెట్టె వంక బాస్ ఉరిమి చూశాడు. వారం నుంచి ఇదే వరస అని గొణిగాడు. ఇక లాభం లేదని నోటితోనే చెప్పుకొచ్చాడు.

ఏజెంట్ తొమ్మిది విన్నాడు. వినడమే తప్ప అడగడం అతని ఒంట లేదు.

సంగతి ఇది. మన రేవులో నీటి అడుగున దాచిన కాపలా యంత్రాల మ్యాపు శత్రువుల ముఠా చేతిలో పడింది. ఊరి నడిబొడ్డున నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో, ఓ ఇంటి కంప్యూటర్‌లో ఉంది. ఆ రోజు సాయంత్రం అయిదింటికి విదేశంలో వాళ్ళ లైను తెరుచుకుంటుంది. మ్యాపు వెళ్ళిపోతే రేవులో ఉన్న ఓడలకూ, ఓడల్లో ఉన్న మనుషులకూ తెల్లవారదు. అయితే ముఠా వాళ్ళకో నియమం ఉంది. పంపుతుండగా లైను తెగితే అవతలివాడు ఇటువైపు దొరికిపోయారని లెక్క వేసుకుంటాడు. లైను శాశ్వతంగా మూసేస్తాడు.

ఈలోగా ఆ కంప్యూటర్‌కి జబ్బు చేసింది. ఊరికే ఆగుతుంది, ఊరికే వెలుగుతుంది. మ్యాపు ఆ ఒక్క మెషీన్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. గత్యంతరం లేక ముఠా వాళ్ళు బయటి మెకానిక్‌కి ఫోన్ చేశారు. ఆ ఫోన్ మనవాళ్ళు విన్నారు.

"మెకానిక్‌గా నువ్వు వెళ్తున్నావు," అన్నాడు బాస్. "లోపల మన మనిషి ఒకామె ఉంది. పట్టుపురుగు అని పిలుస్తాం. ముఠా వాళ్ళు ఆమె తమ మనిషే అనుకుంటున్నారు. నెల నుంచి ఆమె దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. 'వాన వచ్చేలా ఉంది' అను. 'గొడుగు నా దగ్గరే ఉంది' అంటే ఆమే. ఆమె ఎలా చెబితే అలా చెయ్యి."

ఆఫీసు మెకానిక్ ఆ ఉదయం అతనికి విద్యంతా నూరిపోశాడు. తీగలు బిగించి చూడు. ర్యామ్ ముక్క పీకి, రబ్బరుతో తుడిచి, మళ్ళీ పెట్టు. ఆటోమేటిక్ రీస్టార్ట్ అనే సెట్టింగ్ తీసెయ్యి. అప్పుడు మెషీన్ చచ్చే ముందు ఎందుకు చస్తోందో తెర మీద రాసి చస్తుంది. అదీ రాయకపోతే కరెంటు అయినా అయ్యుండాలి, వేడి అయినా అయ్యుండాలి.

తలుపు తీసింది నీలం చీర కట్టిన ఆడది. చూపు తిప్పుకోలేని మనిషి. పట్టుపురుగు ఈమే అని ఏజెంట్ తొమ్మిది గుమ్మంలోనే తేల్చేసుకున్నాడు. వాళ్ళ శాఖలో డబుల్ ఏజెంట్ అంటే ఇలాగే ఉండాలని అందరికీ ఓ నమ్మకం.

అతను లోపలికి రాగానే ఆమె తలుపుకి మూడు తాళాలు వేసింది. తాళాలగుత్తి తీసుకెళ్ళి లోపల కూర్చున్న మగవాడికిచ్చింది. అతను ఇంట్లో కూడా నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాడు. గుత్తి జేబులో వేసుకున్నాడు. అదే జేబులో పిస్తోలు ఆకారం కనిపించింది.

కిటికీలకు రేకులు బిగించి ఉన్నాయి. రేకుల మీద దళసరి తెరలు. ఏజెంట్ బూటు మడమలో ట్రాన్స్‌మిటర్ ఉంది, గడియారంలో మైకు ఉంది. ఆ రేకుల మధ్య రెండూ దండగే. పనికొచ్చే ఆయుధం ఒక్క స్క్రూడ్రైవర్. ఎలుకల బోనులోకి తనే నడిచి వచ్చి తలుపు వేయించుకున్నట్టయింది.

గదిలో మూలగా ఓ ముసలావిడ కుట్టుపని చేసుకుంటోంది. ఆవిణ్ణి అద్దెకి తెచ్చుకుని ఉంటారనుకున్నాడు ఏజెంట్ తొమ్మిది. కొడుకూ కోడలూ అత్తగారూ ఉంటే సంసారం అనుకుని ఇరుగుపొరుగు అనుమానపడరు. పాపం, ఆవిడ కూడా ఎన్నాళ్ళుగానో గడప దాటి ఉండదు.

"ఏమయ్యా, చేతిలో సంచీ ఉంటే సరిపోదు, పని కూడా రావాలి," అన్నాడు నల్లకళ్ళద్దాలు. "అది బాగయ్యేదాకా నువ్వు బయటికి పోవు. అయిదు లోపు బాగవ్వకపోతే అసలే పోవు."

ఏజెంట్ తొమ్మిది తీగలు బిగించాడు. ర్యామ్ పీకి రబ్బరుతో తుడిచాడు. సెట్టింగ్ తీసేశాడు. నీలం చీర దీపం పట్టుకోవడానికి వంగినప్పుడు, వాన వచ్చేలా ఉందన్నాడు మెల్లగా. వాన సంగతి నీకెందుకు, మెషీన్ సంగతి చూడమంది ఆమె. మొగుడు వేషంలో ఉన్నవాడు వింటున్నాడు కాబట్టి అలా అందని అతను సరిపెట్టుకున్నాడు.

మెషీన్ మాత్రం అతను ముందు కూర్చున్నంతసేపూ మహా బుద్ధిగా నడిచింది. వైద్యుడి గుమ్మంలో పన్నునొప్పి మాయమైనట్టు. సరే బాగైంది, వెళ్తానన్నాడు. నల్లకళ్ళద్దాలు నవ్వాడు. ముందు చేతులు కడుక్కుని ఇంత తినమన్నాడు. ఈలోగా అది ఆగకపోతే చూద్దామన్నాడు.

తిని వచ్చేసరికి అది ఆగి వెలుగుతోంది. తెర మీద ఒక్క అక్షరం రాయలేదు.

ఏజెంట్ పెట్టె మీద చెయ్యి వేశాడు. పెనంలా కాలుతోంది. వెనక గాలి పోయే చిల్లుల్లో ఓ ఎర్ర దారప్పోగు ఇరుక్కుని ఉంది. అతను తలెత్తి గదంతా చూశాడు. టీవీ మీద ఎర్ర కుచ్చుల గుడ్డ. ఫ్రిజ్ మీద ఎర్ర కుచ్చుల గుడ్డ. చివరికి ఫోన్ మీద కూడా. బోసిగా ఉన్నది కంప్యూటర్ పెట్టె ఒక్కటే. ముసలావిడ ఓ మడతగుడ్డ మీద కూర్చుని ఉంది. చీర కుచ్చెళ్ళ పక్కనుంచి ఎర్ర కుచ్చొకటి తొంగి చూస్తోంది.

అతనికి నవ్వొచ్చింది. ఇంతేనా జబ్బు. ఎవరూ లేనప్పుడు ఆవిడ దుమ్ము పడకుండా పెట్టెకి గుడ్డ కప్పుతోంది. రేకులు బిగించిన గదిలో అసలే గాలాడదు. ఆ గుడ్డ కింద పెట్టెకి ఊపిరి సలపక కొట్టుకుని చస్తోంది. ముఠావాడికి ఇది కనబడదు. ఇంట్లో సామానుకి గుడ్డ కప్పి ఉంటే ఎవరైనా వింతగా చూస్తారా?

నాలుగున్నర కొట్టింది. నల్లకళ్ళద్దాలు పిస్తోలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రోగం ఏమిటో చెప్తావా?"

చెబితే ప్రాణం దక్కుతుంది, మ్యాపు పోతుంది. చెప్పకపోతే ప్రాణం ఇప్పుడే పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బతికి ఉంటే నీలం చీర సాయంతో ఏదో ఒకటి చేయొచ్చనుకున్నాడు. నోరు విప్పాడు.

"ఏం లేదు సార్. అమ్మగారు ఆ గుడ్డ..."

"వాన వచ్చేలా ఉందన్నావు కదూ బాబూ," అంది ముసలావిడ, సూదిలో దారం ఎక్కిస్తూ. "వెళ్ళేటప్పుడు తడిసిపోతావేమో. గొడుగు నా దగ్గరే ఉందిలే."

ఏజెంట్ తొమ్మిది నోటిలో మాట నోటిలోనే నిలిచింది. నెల రోజులుగా ఈవిడ కుట్టుకుంటూ వచ్చిన పనిని, ఇంకో రెండు ముక్కలు మాట్లాడితే తనే చింపేసి ఉండేవాడు. నీలం చీర వంక చూసే ధైర్యం కూడా లేకపోయింది.

"గుడ్డ ఏమిటి?" అన్నాడు నల్లకళ్ళద్దాలు.

"అమ్మగారు ఆ గుడ్డ దీనికి కప్పకుండా బోసిగా వదిలేస్తున్నారు సార్. లోపలికి దుమ్ము పోతోంది. ఇప్పుడు శుభ్రం చేశాను. నడుస్తున్నంతసేపూ మాత్రం బాగా కప్పి ఉంచండి. రెండు మడతలైతే మరీ మంచిది."

నల్లకళ్ళద్దాలు ముసలావిడ వైపు తల తిప్పి, విన్నావుగా అన్నాడు. ఈ కాలం కుర్రాళ్ళకి సామాను విలువ తెలియదు బాబూ, నువ్వైనా చెప్పావని ఆవిడ సణుక్కుంటూ లేచింది. గుడ్డ తెచ్చి, పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు పెట్టెకి నాలుగు వైపులా దోపింది. ఫ్రిజ్ మీది గుడ్డ కూడా తెచ్చి పైన వేసింది.

అయిదైంది. పంపే వేళ ఇంట్లో ఎవరూ లేనట్టు దీపాలన్నీ ఆర్పడం ముఠా అలవాటు. నీలం చీర ఆర్పేసింది. గదిలో వెలుగంతా తెరదే. తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి సాగడం మొదలుపెట్టింది. పిస్తోలు గొట్టం ఏజెంట్ చెవి వెనక చల్లగా ఆనింది.

గీత సగం దాటింది. పెట్టెలో ఫ్యాను రొద పెరిగింది. గీత ముప్పావు దాటింది. ఫ్యాను ఈల వేసింది. ఏజెంట్ మెడ మీద చెమట కారుతోంది, తుడుచుకోవడానికి లేదు. పెట్టెకి ఊపిరాడటం లేదు, అతనికీ ఆడటం లేదు. ఇద్దరిలో ముందు ఎవరు ఆగుతారన్నదే మిగిలింది. అతను కళ్ళు మూసుకున్నాడు. రెప్పల వెనక చీకటికి అలవాటు పడ్డాడు.

గీత చివర వెంట్రుకంత సందు మిగిలి ఉండగా, టప్పు.

కటిక చీకటి. నల్లకళ్ళద్దాల వెనక ఉన్నవాడికి అది రెండింతల చీకటి. ఏజెంట్ తల పక్కకి వంచి మోచేయి వెనక్కి విసిరాడు. పిస్తోలు పేలింది, గుండు గోడకి తగిలింది. అదే క్షణంలో ముసలావిడ వేడెక్కిన గుడ్డలు రెండూ లాగి నల్లకళ్ళద్దాల నెత్తి మీద వేసి, మెడ దగ్గర కుచ్చులు పట్టుకుని ముడి బిగించింది. కుట్టుపని చేసే చెయ్యి, ముడి జారదు. పిస్తోలు కింద పడింది.

నీలం చీర తలుపు దగ్గరికి పరిగెత్తింది. మూడు తాళాలూ ఆమె వేసినవే. తాళాలగుత్తి గుడ్డ కింద తన్నుకుంటున్నవాడి జేబులో ఉంది. కింద వీధిలో కాపు కాసిన మనవాళ్ళు గుండు చప్పుడు విని మెట్లెక్కి వచ్చి తలుపు బద్దలుకొట్టేదాకా ఆమె గడియ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

కంప్యూటర్ తనంతట తాను వెలిగింది. లైను తెగిందని, అవతల ఎవరూ లేరని తెర మీద చూపింది.

మర్నాడు బాస్ గదిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పట్టుపురుగు ఒళ్ళో కుట్టుసంచీ ఉంది. తనని చూసి ముసలిదే కదా అనుకున్నావా అని ఆవిడ అడగలేదు. ఏజెంట్ తొమ్మిదీ చెప్పుకోలేదు.

"ఫోటో చూపిద్దామనే అనుకున్నానోయ్," అన్నాడు బాస్ నొచ్చుకుంటూ. "ఇదిగో, ఇప్పుడైనా చూడు."

నొక్కాడు. కంప్యూటర్ టప్పున ఆగింది.

పట్టుపురుగు వంగి బల్ల కింద ముఖమల్ గుడ్డని చూసింది. తర్వాత ఏజెంట్‌ని చూసింది. ఏజెంట్ నోరు విప్పబోయాడు.

"మా ఆవిడ కుట్టింది," అన్నాడు బాస్ గర్వంగా. "దుమ్ము పడకుండా."

ఏజెంట్ తొమ్మిది రెండు రోజుల్లో రెండోసారి చావుకి ఎదురెళ్ళే మనిషి కాదు. "చాలా బాగుంది సార్," అన్నాడు.