యాదమ్మ దాచిన మాట

అన్నం పళ్లెం స్రవంతి చేతిలోంచి జారి గచ్చు మీద పడింది... ఆ చప్పుడుకు యాదమ్మ గబుక్కున కూతురివైపు తిరిగింది!

"ఏంది బిడ్డా, చెయ్యి తిమ్మిరెక్కిందా?"

"ఏం లేదవ్వా, జారింది. గింతదానికే పరేషానయితవేంది!" అని నవ్వేసి, స్రవంతి కుడిచేతిని చున్నీ కింద దాచుకుంది. కానీ ఆ వేళ్లు వణకడం తల్లి చూడనే చూసింది.

పక్కనే కూర్చుని తింటున్న సాయిప్రియ గబగబా లేచి మెతుకులు ఎత్తసాగింది. ఆమె సినిమా నటి, విజయవాడ పిల్ల. జనగామలో తీయబోయే సినిమాలో కబడ్డీ ఆడే అమ్మాయి వేషం ఆమెది. తల్లీకూతుళ్ల కీచులాటలతో నవ్వుతూ నవ్విస్తూ సాగే కథట. ఆటా యాసా రెండూ పట్టుబడాలని దర్శకుడు ఆమెను ఇరవై రోజులు మరిపెడలో, ఒకప్పుడు జిల్లా జట్టుకు ఆడిన స్రవంతి ఇంట్లో ఉంచాడు. పొద్దున బడి గ్రౌండ్‌లో కూత సాధన... స్రవంతి పక్కన నిలబడి నోటితో చెప్తుందంతేనని యాదమ్మ నమ్మకం. మధ్యాహ్నం యాదమ్మ పక్కన మిరపకాయల తొడిమలు తీస్తూ మాటలు నేర్చుకోవడం. "వెళ్లాను కాదు బిడ్డా, పోయిన అను" అని యాదమ్మ దిద్దేది. మొదట్లో ఆమెకు అనుమానమే... "మా మాటను జూసి నవ్వుతరేమో సినిమాల?" అని అడిగేసింది కూడా. "నవ్వించేది నా వేషమమ్మా, మీ మాట కాదు" అంది సాయిప్రియ. ఆ రోజు నుంచీ ఆ పిల్ల ఇంటి పిల్లే అయింది.

కానీ యాదమ్మను తినేస్తున్న భయం వేరు!

పోయినేడు మహబూబాబాద్ పోటీల్లో ఆరుగురు మీద పడగా స్రవంతి మెడకు దెబ్బ తగిలింది. వరంగల్ దవాఖానలో డాక్టరు యాదమ్మను పక్కకు పిలిచాడు. "మెడలో నరం నలిగిందమ్మా. ఇంకొక్కసారి గట్టిగా పడితే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. ఇక ఆట మాట ఎత్తొద్దు." మంచం మీది పిల్ల ఆశగా "మళ్ల ఎప్పుడాడాల్నవ్వా?" అని అడిగితే తల్లి తల నిమిరి, "ఏడాది ఆగు బిడ్డా... ఏడాదయితే చాలన్నడు" అనేసింది! ఆ అబద్ధాన్ని భర్త జయపాల్‌కు కూడా చెప్పకుండా కడుపులోనే దాచుకుంది.

ఆ ఏడాది పోయిన వారమే నిండింది...

మర్నాడు పదింటికి జయపాల్ సంబరంగా ఇంట్లోకి వచ్చాడు. "గ్రౌండ్‌కు రావా యాదమ్మా? మన బిడ్డ సినిమాల ఉంటదట! హీరోయిన్ కింద పడే కాడల్ల మన స్రవంతే పడ్తదట. ముఖం కనబడది గని... ఇయ్యాలే డైరెక్టరొచ్చి తీసి చూస్తున్నడు!"

యాదమ్మ చేతిలో చేట అక్కడే పడిపోయింది. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. బడి రెండు వీధుల అవతలే... కానీ ఎంత ఉరికినా దగ్గరకు రావడం లేదే!

గ్రౌండ్‌లో స్రవంతి సాయిప్రియ బట్టల్లో ఉంది. ఎదురుగా ఏడుగురు పిల్లలు చేతులు పట్టుకుని కాచుకుని ఉన్నారు. కూత మొదలైంది...

"ఆపుండ్రి! నా బిడ్డను ముట్టుకోకుండ్రి!" యాదమ్మ గీత దాటి దూసుకుపోయి కూతుర్ని కావలించుకుంది.

"ఏందవ్వా గిది! ఏడాది అయిపాయె కదా! నువ్వే అంటివి!"

"అబద్ధం జెప్పిన బిడ్డా... ఎన్నడాడొద్దన్నడు డాక్టరు. పడితే కాళ్లు పోతయన్నడు..."

స్రవంతి ముఖం తెల్లబోయింది. "గోడ మీద రోజుకో గీత గీసి లెక్క పెట్టుకున్న గదవ్వా! మూడు వందల అరవై అయిదు గీతలు గీసేదాక సూస్తనే ఉన్నవా?"

సాయిప్రియ వాళ్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "నాకు తెలియదమ్మా... ఒట్టు! నా వేషం కోసం నేనే పడతాను" అని దర్శకుడి ముందే తేల్చి చెప్పింది.

వరంగల్‌లో డాక్టర్లు మళ్లీ మెడ ఫొటోలు తీశారు. కాళ్లకు గండం తప్పింది. కానీ ఏడాది నిండిందని తల్లికి చెప్పకుండా సాయిప్రియతో ఉరికిన ఈ వారం పది రోజులకే నరం వాచింది. కుడిచేతి వేళ్లకు మునుపటి పట్టు రాకపోవచ్చన్నారు. తొమ్మిది రోజులు స్రవంతి తల్లితో మాట్లాడలేదు. పెట్టింది తింది, గోడవైపు తిరిగి పడుకుంది. పదోనాడు షూటింగుకు రమ్మని జనగామ నుంచి కారు వస్తే, "నువ్వు గూడ రా" అని మాత్రం అంది.

అక్కడ సాయిప్రియ పడింది, లేచింది, మళ్లీ పడింది. మోచేతులు చీరుకుపోయాయి. "మెడ లోపలికి! భుజం మీద పడు!" గీత అవతలి నుంచి స్రవంతి అరిచింది. ఎనిమిదోసారి కుదిరింది. పడుతూ ఆ పిల్ల "గింతదానికే పరేషానయితవేందవ్వా!" అనగానే చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. స్రవంతి మాత్రం నవ్వలేదు. చెంపల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి...

"ముందే జెప్తే ఏమయితుండెనవ్వా?"

"నువ్వు బతుకు మీద ఆశ ఇడుస్తవని భయపడ్డ బిడ్డా..."

"ఏడ్సెటోళ్లం. ఇద్దరం కలిసి ఏడ్సెటోళ్లం."

కూతురి తల మెల్లగా యాదమ్మ భుజం మీద వాలింది. తన కళ్లు తుడవబోయిన తల్లి చేతిని స్రవంతి పట్టుకుని ఆపింది.

"ఉండనీ అవ్వా..." అంది, చూపు కబడ్డీ కోర్టు మీది నుంచి తిప్పకుండా.